మైక్రో వాళ్ళకి పేషెంట్లు ఉండరా?

పోయిన నెల ఈ పేజీలో వానాకాలం జ్వరాల గురించి నాలుగు ముక్కలు రాసి, చివర్లో "కల్చర్ రిపోర్ట్ వచ్చేదాకా కాస్త ఓపిక పట్టండి" (కల్చర్ అంటే శాంపిల్‌లోని బ్యాక్టీరియాని ల్యాబ్‌లో పెంచి చూడడం) అని ఒక మాట వదిలానో లేదో, మా మైక్రోబయాలజీ ల్యాబ్ గురించి ఉత్తరాలు వచ్చి పడ్డాయి. కొన్ని మా పిల్ల డాక్టర్ల నుంచి, కొన్ని బిల్లు కట్టి కట్టి విసిగిపోయిన ఇళ్ళ నుంచి. అన్నిటికీ చోటు లేదు, ఆరు తీసుకున్నాను. మొదటిదానికి జవాబు కాస్త పొడుగైంది, ఏమనుకోకండి, అది నా సొంత పుండు కూడా.

ప్రశ్న: మేడమ్, నేను తిరుపతిలో ఎండీ మైక్రోబయాలజీ ఫస్ట్ ఇయర్. నీట్ పీజీలో నాకొచ్చిన ర్యాంకుకి జనరల్ మెడిసిన్ రాలేదు, ఈ సీటొచ్చింది, చేరిపోయాను. ఇప్పుడు ఏ పెళ్ళికి పోయినా "రక్తపరీక్షల డాక్టరంట" అంటున్నారు, మా పెద్దమ్మయితే "అట్లయితే జొరమొస్తే నీ కాడికి రాకూడదా పాపా" అని అందరి ముందరా అడిగేసింది. వార్డుకి ఫోన్ చేస్తే నా బ్యాచ్‌మేట్లే "ఆఁ ల్యాబా, చెప్పండి" అంటారు. పేషెంట్ లేని డాక్టర్‌గా మిగిలిపోతానేమోనని రాత్రుళ్ళు ఏడుపొస్తోంది. సీటు వదిలేసి మళ్ళీ రాయమంటారా?
— ఒక పీజీ, తిరుపతి

జవాబు: వదలాలా వద్దా అనేది నేను చెప్పనమ్మా. చిన్నప్పట్నించీ మెడిసినే చెయ్యాలని ఉండి, ఇక్కడ ఒక్కరోజు కూడా మనసు పట్టకపోతే మూడేళ్ళు ఈడ్చడం నరకమే, అది నీకే తెలియాలి. కానీ పేషెంట్లు ఉండరనే కారణానికైతే మాత్రం వదలొద్దు. ఉంటారు, మన ఎదురుగా స్టూలు మీద కూర్చోరు, అంతే తేడా.

నేను ఫస్ట్ ఇయర్లో ఉన్నప్పటి సంగతి చెప్తా, ఏ ఆస్పత్రో వద్దులే. వానలు పడతా ఉన్న రోజులు, పీలేరు వైపు నుంచి ఒక రైతు, యాభై దాటుంటాయి, షుగరు చాలా ఏళ్ళుగా ఉంది, తొడ మీద పెద్ద గడ్డ, సర్జరీ వాళ్ళు కోసి చీము మాకు పంపారు. గ్రామ్ స్టెయిన్లో (రంగు వేసి మైక్రోస్కోపులో చూడడం) ఎర్రటి సన్నని బాసిల్లై, అంటే కడ్డీల్లాంటి బ్యాక్టీరియా, రెండు కొసలూ ముదురుగా మధ్యలో తేలిగ్గా, అచ్చం పిన్నీసులాగా కనపడ్డాయి. చూశాను, చూసి కూడా వదిలేశాను. మర్నాడు మెకాంకీ ప్లేటు (బ్యాక్టీరియా పెంచే జెల్లీ పళ్ళెం) మీద రంగులేని బుల్లి కాలనీలు, ఆక్సిడేజ్ పరీక్ష పాజిటివ్, ఇంకేముంది సూడోమొనాస్ అనే బ్యాక్టీరియా జాతి అనుకుని, డిస్కులు (యాంటీబయాటిక్ బిళ్ళలు, మందు పనిచేస్తే చుట్టూ బ్యాక్టీరియా పెరగని ఖాళీ జోన్ వస్తుంది) ఏవి పెట్టాలో కూడా చూసుకోకుండా ఈ.కోలైకి పెట్టే సెట్టంతా పెట్టేసి ఇంటికి పోయాను. మూడోరోజు పొద్దున రిజిస్టర్లో "కంటామినేషన్ కావచ్చు, అవసరమైతే మళ్ళీ శాంపిల్ పంపండి" అని రాసి ప్లేటుని ఆటోక్లేవ్ బకెట్లో వేయబోతున్నా.

మా టెక్నీషియన్, నేను పుట్టకముందే సర్వీసులో చేరిన మనిషి, చెయ్యి అడ్డం పెట్టాడు. "మేడమ్, గమ్మునుండండి ఒక్క నిమిషం. జెంటామైసిన్ చుట్టూ జోనే రాలా, కొలిస్టిన్ చుట్టూ రాలా, ఆగ్మెంటిన్‌కి మాత్రం ఇంత తెల్లగా వచ్చిండాది. ఇదెక్కడి సూడోమొనాసు?" అన్నాడు. ప్లేటు తిరిగి ఇంక్యుబేటర్లోకి పోయింది. తర్వాతి రోజుకి ఆ నున్నటి కాలనీలన్నీ ఎండబెట్టిన వడియాల్లాగా ముడతలు పడి కూర్చున్నాయి. బర్కోల్డేరియా సూడోమల్లై, అంటే మీలియోయిడోసిస్. మట్టిలో, నిలవ నీళ్ళల్లో ఉంటుంది, వానల్లో పొలంలో చెప్పుల్లేకుండా తిరిగే షుగర్ పేషెంట్లంటే దానికి మహా ఇష్టం. దీనికి సెఫ్టాజిడైమో మెరోపెనెమో కనీసం రెండు వారాలపాటు నరానికి ఇచ్చి, ఆ తర్వాత కోట్రైమాక్సజోల్ మాత్రలు మూడు నెలలు మింగించాలి, లేదంటే తగ్గినట్టే తగ్గి ఊపిరితిత్తుల్లోనో కాలేయంలోనో మళ్ళీ లేస్తుంది. నేను వార్డుకి పరిగెత్తేసరికి ఆయన గడ్డ కోసిన చోట కట్టు కట్టించుకుని, ఐదు రోజుల మాత్రల చీటీ జేబులో పెట్టుకుని, సంచి సర్దుకుని బస్సుకి రెడీగా కూర్చున్నాడు.

ఆయన కేస్ షీట్లో నా పేరు ఎక్కడా లేదు. డయాగ్నోసిస్ రాసింది మెడిసిన్ వాళ్ళు, గడ్డ కోసింది సర్జరీ వాళ్ళు. దీనికి అలవాటు పడగలవా లేదా అనేది మాత్రం నిన్ను నువ్వు అడుక్కో, పెద్దమ్మ మాటకంటే అది అసలు ప్రశ్న. మూడు నెలలయ్యాక ఆయన రెండు అచ్చుల చిత్తూరు బెల్లం తెచ్చి ల్యాబ్ తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపల తిండి పెట్టకూడదు కాబట్టి వరండాలో నిలబడి పగలగొట్టుకుని తిన్నాం, నేనూ ఆ టెక్నీషియనూ.

ఇంతకీ నువ్వు చెయ్యాల్సింది ఏంటంటే, పొద్దున ప్లేట్లు చదవడం అయ్యాక, ఏ పదకొండింటికో, ల్యాబ్ ఏప్రాన్ అక్కడే విప్పి వేరేది వేసుకుని ఐసీయూకో మెడిసిన్ వార్డుకో పో. రోజూ పో. ఎవరూ పిలవరు, అయినా పో. నీ చేతిలో పాజిటివ్ వచ్చిన ముగ్గురి పేర్లు పెట్టుకుని, ఈయనకి జ్వరం ఇంకా ఉందా, మెడలో లైను ఎన్నాళ్ళ నుంచి ఉంది, ఏ యాంటీబయాటిక్ ఏ రోజు మొదలెట్టారు, ఇవి అడుగు. మొదటి వారం వింతగా చూస్తారు, రెండో వారం "మైక్రో మేడమ్, ఇది చూడండి" అని వాళ్ళే పిలుస్తారు, నెలయ్యేసరికి నీ రిపోర్ట్ చదవకుండా మందు మార్చడానికి జంకుతారు. "ఆఁ ల్యాబా" అనే బ్యాచ్‌మేట్ల సంగతి అక్కడే తేలిపోతుంది.

ఇంకో మాట. బెంచిని కూడా కాస్త ప్రేమించు, అది అంత బోరు పని కాదు. ప్రోటియస్ అనే బ్యాక్టీరియా బ్లడ్ అగర్ ప్లేటు మీద పాకే తీరు చూశావా, చెరువులో రాయేస్తే అలలు పోయినట్టు ఉంగరాలు ఉంగరాలుగా. సూడోమొనాస్ ప్లేటు మూత ఎత్తక ముందే ద్రాక్షపళ్ళ వాసన కొడుతుంది (మూత ఎత్తి మాత్రం వాసన చూడకు, ఎందుకో కింద చెప్తా). క్లెబ్సియెల్లా అయితే లూపుతో లాగితే బెండకాయ జిగురే. అసలు ప్లేట్లలో బ్యాక్టీరియా పెంచే జెల్లీ, ఈ అగర్ కూడా వంటింటి నుంచే వచ్చింది. 1881లో, టీబీ క్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కాక్ దగ్గర పనిచేసే హెస్ అనే డాక్టరు, బ్యాక్టీరియా పెంచే జెలటిన్ ఎండకి కరిగిపోయి ఏడుస్తుంటే, ఆయన భార్య ఫానీ హెస్, నేను జెల్లీలకి వాడే అగర్ వాడి చూడు, అది కరగదు అంది. మనం చైనాగ్రాస్ అని కొనేది అదే. జర్మనీ ఎండకే కరిగిన జెలటిన్ తిరుపతి మే నెలలో ఏమయ్యేదో ఊహించుకో.

డబ్బు గురించి నువ్వు అడగలేదు, అయినా అందరి మనసులో ఉండేదే కాబట్టి చెప్తున్నా. ఇంటి ముందు బోర్డు పెట్టి సాయంత్రం క్లినిక్ నడపడం ఇందులో కుదరదు. కాలేజీ ఉద్యోగం, పెద్ద ఆస్పత్రుల ల్యాబులు, ఇన్ఫెక్షన్ కంట్రోల్, ఇవీ దారులు. జీతం మీద బతకాలి, క్లినిక్ ఆదాయం మీద ఆశ పెట్టుకోకూడదు.

ప్రశ్న: డాక్టరుగారూ, మా ఆయన మైక్రోబయాలజీలో సీనియర్ రెసిడెంట్, ఇప్పుడు టీబీ బెంచిలో వేశారంట. పాపకి ఎనిమిది నెలలు. ఆయన ఇంటికి రాగానే బయటే నిలబెట్టి శానిటైజర్ పోసి, స్నానం చేసేదాకా పాపని ముట్టుకోనివ్వడంలేదు. మా అత్తగారేమో నాదే చాదస్తం అంటోంది. ఎవరిది రైటు?
— ఒక గృహిణి, పుత్తూరు

జవాబు: స్నానం మంచిదే, తలుపు దగ్గర శానిటైజర్ అభిషేకం మాత్రం అక్కర్లేదమ్మా. టీబీ గాలిలో పోతుంది, చొక్కాకి అంటుకుని ఇంటికి వచ్చే రకం కాదు. మీ ఆయన కళ్ళెను బయోసేఫ్టీ క్యాబినెట్ (గాలిని లోపలికి లాగి వడగట్టే పెట్టె) లోపల పెట్టి తెరుస్తున్నాడా, ఎన్95 వేసుకుంటున్నాడా, ఈ రెండూ అడుగు. పని చేసే ఫ్యాను ఉన్న క్యాబినెట్ ముందు కూర్చున్నవాడికి, దగ్గే పేషెంట్ పక్కన రోజంతా నిలబడే వార్డు డాక్టర్ కంటే భయం తక్కువే.

నిజంగా అడగాల్సినవి వేరే ఉన్నాయి. హెపటైటిస్ బీ టీకా మూడు డోసులూ, అంటే మొదటిది, నెలకి ఒకటి, ఆరు నెలలకి ఒకటి, పూర్తయ్యాయా, ఆ తర్వాత టైటర్ (టీకా పట్టిందో లేదో చెప్పే రక్తపరీక్ష) చూపించుకున్నాడా, 10 దాటిందా? సూది గుచ్చుకుంటే ఎవరికి చెప్పాలో తెలుసా? హెచ్ఐవీ అంటకుండా ఇచ్చే మందు ఎంత తొందరగా మొదలెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు, "రేపు చెప్దాంలే" అని సిగ్గుపడి ఊరుకునేవాళ్ళని చాలామందిని చూశాను. ఇక ప్లేటు మూతెత్తి వాసన చూసే అలవాటుందా? పైన పీజీ అమ్మాయికి వద్దన్నది ఇందుకే, బ్రుసెల్లా అనేది పాల పశువుల నుంచి వచ్చే జబ్బు, మన వైపు పాడి ఎక్కువ, ల్యాబుల్లో మనుషులకి అంటుకునే వాటిల్లో అదే ముందుంటుంది, ముక్కుతోనే లోపలికి పోతుంది.

అన్నిటికంటే ముందు ఆయన సెల్‌ఫోన్ చూడు. గ్లవ్స్‌తో ప్లేట్లు పట్టుకుని, అదే గ్లవ్స్‌తో ఫోనెత్తి, అదే ఫోన్ ఇంటికొచ్చి పాప చేతికిస్తే, ఇక స్నానం ఎన్ని సార్లు చేసి ఏం లాభం. మా పిల్లలకి నేను గొంతు చించుకుని చెప్పేది ఇదే, సగం మంది వినరు.

ఇంకొకటి, పాపకి టీబీ టీకా బీసీజీ పడే ఉంటుంది కదా. ఆ టీకా మన దేశంలో మొదట వేసింది మన పక్కనే, 1948లో మదనపల్లెలో. అక్కడి ఆరోగ్యవరం టీబీ శానిటోరియం 1915 నాటిది. మీ అత్తగారికి చెప్పు, బహుశా ఆవిడకి ఆ చెట్ల మధ్య ఆస్పత్రి తెలిసే ఉంటుంది.

ప్రశ్న: నేను హౌస్ సర్జన్‌ని. క్యాజువాలిటీలో రాత్రి బ్లడ్ కల్చర్ తీసి పంపితే, మైక్రో నుంచి ఫోన్ చేసి "మళ్ళీ కంటామినేషన్, ఎట్లా తీస్తున్నారు మీరు" అని కేకలు. షాక్‌లో ఉన్న మనిషికి నరమే దొరకదు, ఉన్న క్యాన్యులా నుంచి లాగి పంపాను, అందులో నా తప్పేంటి? వాళ్ళకేం, ఏసీలో కూర్చుని చెప్తారు.
— ఒక హౌస్ సర్జన్, చిత్తూరు

జవాబు: ఏసీ ప్లేట్ల కోసం బాబూ, మా కోసం కాదు. అయినా కేకలు వేయడం తప్పే, ఆ ఫోన్ చేసినవాళ్ళ తరఫున నేను సారీ చెప్తున్నా. ఇక నీ సంగతి.

పాత క్యాన్యులా నుంచి తీయకూడదు, ఆ గొట్టం మొదట్లో చర్మం మీది బ్యాక్టీరియా కాపురం పెట్టుంటుంది, నువ్వు లాగింది రక్తం కాదు, వాటి జనాభా లెక్క. కొత్తగా గుచ్చు. క్లోర్‌హెక్సిడిన్ రాసి అర నిమిషం ఆరనివ్వు, ఈ అర నిమిషమే ఎవరికీ ఉండదు, తడి మీదే గుచ్చేస్తారు, రాసిన తర్వాత మళ్ళీ వేలితో నరం ఎక్కడా అని నొక్కుతారు, అదుగో అక్కడ పోయింది. బాటిల్ మూత తీయగానే పైన రబ్బరు శుభ్రంగా ఉంటుందనుకుంటారు, ఉండదు, స్పిరిట్‌తో తుడువు. పెద్దవాళ్ళకి ఒక్కో బాటిల్‌కి 8 నుంచి 10 ఎంఎల్ పొయ్యాలి. నువ్వు పంపే 2 ఎంఎల్‌లో ఆ బ్యాక్టీరియా ఉండకపోవచ్చు, ఎందుకంటే పెద్దవాళ్ళ రక్తంలో చాలాసార్లు ఒక్క ఎంఎల్‌కి ఒకటో అరో కూడా ఉండవు. రెండు చోట్ల నుంచి రెండు సెట్లు, సెట్‌కి రెండు బాటిళ్ళు, తియ్యి. రెండు చేతుల్లోనూ అదే పురుగు వస్తే నిజం, నాలుగు బాటిళ్ళలో ఒక్కదాంట్లో, అదీ రెండో రోజు దాటాక, కోయాగులేజ్ నెగటివ్ స్టాఫ్ (చర్మం మీద ఉండే బ్యాక్టీరియా) వస్తే అది చాలావరకు నీ వేలిదో పేషెంట్ చర్మానిదో. ఒక్కటే సెట్ పంపితే మాకు తేల్చే దారే ఉండదు, అప్పుడు మెడిసిన్ వాళ్ళు భయపడి వాంకోమైసిన్ మొదలెడతారు, ఆ మనిషి కిడ్నీకి నీ అర నిమిషం బిల్లు పడుతుంది.

యాంటీబయాటిక్‌కి ముందు తీయాలి, కానీ షాక్‌లో ఉన్నవాడికి నరం దొరకలేదని గంటసేపు మందు ఆపకు. ఇక అతి ముఖ్యమైనది, బాటిల్ ఫ్రిజ్‌లో పెట్టకు! రాత్రి అటెండర్ లేడని ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున పంపినవి వారానికి ఒకటైనా చూస్తుంటాం. బయట టేబుల్ మీద ఉంచు చాలు.

ప్రశ్న: మా అమ్మకి మూత్రంలో మంట, జ్వరం. చిత్తూరులో ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాము. యూరిన్ కల్చర్ అని తీసుకున్నారు, రిపోర్టుకి మూడు రోజులన్నారు, కానీ అదే రోజు సాయంత్రం ఇంజెక్షన్లు మొదలెట్టేశారు. మూడో రోజు రిపోర్టు వచ్చాక మందు మార్చారు. తెలియకుండానే మందు ఇచ్చేటట్టయితే పరీక్ష ఎందుకు? తెలిసేటట్టయితే మూడు రోజులెందుకు? ఇది డబ్బు గుంజడం కాదా?
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: అన్నా, మీ ఇంట్లో రాత్రి పాలల్లో తోడేస్తే పెరుగు ఎప్పుడవుతుంది? తెల్లారి. మీరు ఎంత డబ్బిచ్చినా అర్ధరాత్రికి కాదు. మాదీ అంతే. మొదటి రాత్రి బ్యాక్టీరియా తోడుకోవాలి, అంటే ప్లేటు మీద కాలనీ అవ్వాలి. రెండో రోజు పొద్దున అది ఎవరో పోల్చి, దాన్ని ఇంకో ప్లేటు మీద పరిచి, యాంటీబయాటిక్ బిళ్ళలు చుట్టూ పెట్టి మళ్ళీ పదహారు పద్దెనిమిది గంటలు వదలాలి. మూడో రోజు ఏ బిళ్ళ చుట్టూ ఎంత మేర పెరగలేదో స్కేలుతో కొలిచి రాస్తాం. పెద్ద మెషీన్లున్న చోట కొంత తొందరగా వస్తుంది, కానీ మొదటి రాత్రి ఎవరికైనా తప్పదు.

అరవై దాటిన మనిషి జ్వరంతో వణుకుతుంటే ఆ రెండు రాత్రులూ ఊరికే ఉంచలేరు కదా, అందుకని ఎక్కువగా వచ్చే బ్యాక్టీరియాకి పనిచేసే మందు అంచనాతో మొదలెడతారు. రిపోర్టు వచ్చాక మార్చడం మంచి డాక్టరు లక్షణం. పెద్ద మందు తీసేసి చిన్న మందుకి దింపారా? అయితే ఇంకా మంచిది, వాళ్ళకి దండం పెట్టండి, చాలామంది దింపరు.

మీరు జాగ్రత్త పడాల్సింది శాంపిల్ దగ్గర. మేం 0.001 ఎంఎల్ పట్టే బుల్లి లూపుతో మూత్రం ప్లేటు మీద గీస్తాం, వంద కాలనీలొస్తే ఒక ఎంఎల్‌లో లక్ష ఉన్నట్టు లెక్క. మామూలుగా ఆ లక్ష దాటితేనే ఇన్ఫెక్షన్ అని గట్టిగా అంటాం. ఇప్పుడు మీరు పొద్దున ఇంట్లో డబ్బాలో పట్టి, పాకాల నుంచి బస్సులో ఎండలో మూడు గంటలు తెచ్చారనుకోండి, దారిలోనే వెయ్యి లక్షయిపోతుంది, అదీ తోడే కదా. ఆస్పత్రిలోనే పట్టండి, మొదటి ధార వదిలేసి మధ్యది పట్టండి, రెండు గంటల్లోపు ల్యాబ్‌కి చేర్చండి, ఆలస్యమైతే యూరిన్ మాత్రం ఫ్రిజ్‌లో పెట్టొచ్చు. (పైన హౌస్ సర్జన్‌కి చెప్పింది రక్తం బాటిల్ గురించి, రెండూ కలిపేసుకోకండి.)

ఆ రిపోర్టు కాగితం దాచిపెట్టి, మళ్ళీ ఆర్నెల్లకి మంట వస్తే "ఎస్ (పనిచేస్తుంది) అని ఉంది కదా" అని మెడికల్ షాపులో అదే మందు అడగడం మన ఊళ్ళలో మామూలైపోయింది. అది అప్పటి పురుగుకి ఇచ్చిన రిపోర్టు, ఇప్పుడొచ్చింది వేరే పురుగు కావచ్చు. మంట, జ్వరం ఏమీ లేకుండా ఊరికే చెకప్‌లో కల్చర్ పాజిటివ్ వస్తే చాలామందికి మందే అక్కర్లేదు, గర్భిణులకీ, మూత్రనాళంలో ఆపరేషన్ చెయ్యబోయేవాళ్ళకీ తప్ప.

ప్రశ్న: మా ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా వైడాల్ చేస్తే 1:80 అని వస్తుంది, టైఫాయిడ్ అంటారు, వారం రోజులు సెలైన్. నాకు ఏడాదిలో మూడు సార్లు టైఫాయిడ్ వచ్చింది. ఇది వంశపారంపర్యమా?
— శ్రీకాళహస్తి

జవాబు: వంశం కాదు, వైడాల్. 1896 నాటి పరీక్ష అది, రక్తంలో టైఫాయిడ్ బ్యాక్టీరియా ఉందా అని చూడదు, దానికి ఎదురుగా తయారైన యాంటీబాడీలు ఉన్నాయా అని చూస్తుంది. మన నీళ్ళు తాగి పెరిగిన మనలో చాలామందికి అవి ఎప్పుడూ కొన్ని ఉంటాయి, వేరే జ్వరాలకి కూడా ఎగుస్తాయి. ఒక్క 1:80 పట్టుకుని టైఫాయిడ్ అనడం, పొగ కనిపించిందని ఊరంతా అంటుకుందనడమే. జ్వరం మొదటి వారంలో, మందు పడకముందే, బ్లడ్ కల్చర్ తీయించుకోండి.

మన వైపు ఇంకొకటుంది. వానల తర్వాత, పొలాల్లో, పొదల్లో తిరిగేవాళ్ళకి స్క్రబ్ టైఫస్ బాగా వస్తుంది, బుల్లి నల్లిలాంటి పురుగు పిల్ల కుట్టి వస్తుంది. పేరులో టైఫస్ ఉంది కానీ టైఫాయిడ్‌కీ దీనికీ సంబంధం లేదు, టైఫాయిడ్ ఇంజెక్షన్‌కి ఇది తగ్గదు, డాక్సీసైక్లిన్‌కి చాలామందిలో రెండు రోజుల్లో జ్వరం దిగిపోతుంది. మా మామూలు ప్లేట్ల మీద ఇది పెరగదు కాబట్టి బ్లడ్ కల్చర్ "నో గ్రోత్" అని వచ్చినా ఇది లేనట్టు కాదు. చంద్రగిరి వైపు ఒకావిడకి ఎనిమిది రోజుల జ్వరం, రిపోర్టులన్నీ నెగటివ్, మా పీజీ ఒకమ్మాయి వార్డుకెళ్ళి, సిస్టర్ని పక్కన పెట్టుకుని, తెర వేయించి, చీర కుచ్చిళ్ళు పెట్టుకునే చోట చూస్తే సిగరెట్ కాల్చి పెట్టినట్టు నల్లటి పొక్కు. నొప్పి లేదు కాబట్టి ఆవిడ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. చంక, గజ్జ, నడుము, రొమ్ము కింద, ఇక్కడ చూడమని మీ డాక్టర్ని అడగండి, మొహమాటం వద్దు.

ప్రశ్న: మైక్రో సెకండ్ ఇయర్. రాత్రి రెండింటికి బ్లడ్ కల్చర్ మెషీన్ బీప్ అయింది, అంటే బాటిల్లో ఏదో పెరిగింది, స్లయిడ్ చూస్తే గ్రామ్ పాజిటివ్ కోకై (గుండ్రటి బ్యాక్టీరియా), గుత్తులు గుత్తులుగా. ఐసీయూకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. స్కిన్‌దే అయ్యుంటుందిలే అని పొద్దున ఎనిమిదింటికి చెప్పాను. మా హెచ్ఓడీ అందరి ముందూ తిట్టారు. ఇది న్యాయమా మేడమ్?
— పేరు వద్దు

జవాబు: అందరి ముందూ తిట్టడం న్యాయం కాదు, తిట్టడం న్యాయమే. గుత్తులంటే స్కిన్‌ది కావచ్చు, స్టాఫ్ ఆరియస్ అనే ప్రమాదకరమైన బ్యాక్టీరియా కూడా కావచ్చు, స్లయిడ్ మీద రెండూ ఒకేలా ఉంటాయి. ఎన్ని బాటిళ్ళు మోగాయి, తీసిన ఎన్ని గంటలకి మోగాయి చూశావా? రెండు సెట్లూ పన్నెండు పద్నాలుగు గంటల్లో మోగితే అది ఆరియస్ అనుకునే నడవాలి. అది రక్తంలో ఉంటే గుండె కవాటాల మీద కూర్చుంటుంది, ఎకో (గుండె స్కానింగ్) తీయాలి, మళ్ళీ కల్చర్లు పంపాలి, కనీసం పద్నాలుగు రోజులు మందు ఇవ్వాలి. నువ్వు పడుకున్న ఆరు గంటలు ఆ మనిషికి చిన్నవి కావు. బాటిల్ నుంచే, ఆరియస్సా కాదా అని చూసే ట్యూబ్ కోయాగులేజ్ పరీక్ష పెట్టి ఉంటే నాలుగు గంటల్లో, అంటే ఆరున్నరకల్లా, కొంత తెలిసేది కూడా.

ఫోన్‌లో "పాజిటివ్ వచ్చింది" అని పెట్టేయకు. ఇట్లా చెప్పు: "మైక్రో నుంచి డాక్టర్ ఫలానా. ఐసీయూ ఏడో బెడ్, ఐపీ నంబర్ ఇది. నిన్న మధ్యాహ్నం తీసిన రెండు సెట్లలో రెండూ పాజిటివ్, గుత్తుల్లో గ్రామ్ పాజిటివ్ కోకై. ప్రస్తుతం ఏ మందు మీద ఉన్నారు? సెంట్రల్ లైను ఉందా? నేను చెప్పింది ఒకసారి తిరిగి చెప్పండి." ఆ చివరి మాటకి కొందరికి కోపమొస్తుంది, రానీ. ఒకసారి ఇలా తిరిగి చెప్పమంటేనే పదిహేడో బెడ్‌కి మందు మొదలెట్టబోయారని మాకు తెలిసింది.

ఎత్తకపోతే రెండోసారి చెయ్యి, డ్యూటీ మెడిసిన్ పీజీ సెల్‌కి చెయ్యి, అదీ ఎత్తకపోతే చేతులు కడుక్కుని, ఏప్రాన్ మార్చుకుని మెట్లు దిగి పో, లిఫ్టు కోసం నిలబడకు. వచ్చాక రిజిస్టర్లో రాయి: 2.10 ఫోన్, ఎత్తలేదు. 2.15 మళ్ళీ, ఎత్తలేదు. 2.30 ఐసీయూకి వెళ్ళి డ్యూటీ డాక్టర్‌కి చెప్పాను, ఎవరికి చెప్పావో వాళ్ళ పేరు, వాళ్ళ సంతకం. ఈసారి హెచ్ఓడీ పిలిస్తే ఆ పేజీ తీసుకుపో.